నానోవజ్రం పైపొర: చుట్టూ ఉన్న నీరు, లోపలి వెలుగు

దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల్లో 1890ల చివరి నుంచి వజ్రాలను ఏరడానికి ఒక ఏర్పాటు ఉండేది. పొడి చేసిన రాతిని నీళ్లతో కలిపి, గ్రీజు దట్టంగా పూసిన ఏటవాలు బల్లల మీదుగా పారించేవారు. రాతి ముక్కలు నీటితోపాటు కొట్టుకుపోయేవి, వజ్రాలు మాత్రం గ్రీజుకు అతుక్కుని ఉండిపోయేవి. మిగతా ఖనిజాలను నీరు తడుపుతుంది, తడిసిన రాయికి గ్రీజు పట్టదు. వజ్రం ముఖం నీటిని దగ్గరికి రానివ్వదు కాబట్టి గ్రీజుకు దొరికిపోతుంది. అయితే సముద్రతీరపు ఇసుకల్లో దొరికిన వజ్రాలు ఇదే బల్ల మీద సరిగా అంటుకోలేదు. వాటి మీద పేరుకున్న సన్నని ఉప్పు పొర నీటిని పీల్చి తడిగా ఉండడమే దానికి కారణం. ముందు నూనెతో ముఖాన్ని మార్చి, ఆ తర్వాత గ్రీజు మీదికి పంపవలసి వచ్చింది. లోపలి కార్బన్‌లో ఏ తేడా లేకపోయినా, కంటికి ఆనని పైపొర మారేసరికి రాయికీ నీటికీ ఉన్న సంబంధమే తారుమారైంది.

కంటితో చూడగల వజ్రం విషయంలో ఇది ఏరివేతకు పనికొచ్చే చిట్కా మాత్రమే, ఎందుకంటే అక్కడ పైపొర అనేది రాయి మొత్తంలో లెక్కకు రానంత చిన్న భాగం. నానోమీటర్ల (మీటరులో వంద కోట్లో వంతు) కొలతకు దిగితే పరిస్థితి వేరు. 100 నానోమీటర్ల అడ్డుకొలత ఉన్న వజ్రపు రేణువులో తొమ్మిది కోట్లకు పైగా కార్బన్ పరమాణువులుంటే, అన్నిటికన్నా పై వరుసలో ఉండేవి నూటికి ఒకటి కూడా ఉండవు. అదే 5 నానోమీటర్ల రేణువైతే మొత్తం పరమాణువులు సుమారు 11,500, వాటిలో దాదాపు ఎనిమిదింట ఒకటి పై వరుసలోనే ఉంటుంది. అలాంటి రేణువుల పొడి ఒక్క గ్రాము తీసుకుని అన్నిటి ఉపరితలాలనూ పరిచినట్టు లెక్క కడితే 340 చదరపు మీటర్లు వస్తుంది, అంటే నాలుగు వందల గజాల ఇంటి స్థలం. ఆ స్థలమంతటా ఒక్క అణువు మందాన నీరు పరుచుకున్నా గ్రాములో పదో వంతు నీరు దానికే సరిపోతుంది. ఈ లెక్కలు రేణువు నున్నని గోళమనే ఊహ మీద కట్టినవి, నిజమైన రేణువులు కోణాలతో, అంచులతో ఉంటాయి. అయినా అసలు సంగతి మారదు. ఈ కొలతలో పైపొరను వజ్రానికి తొడిగిన చొక్కాగా చూడలేం, వజ్రంలో చెప్పుకోదగ్గ భాగం అదే.

నానోవజ్రం అనే ఒకే పేరు కింద పుట్టుకలోనూ స్వభావంలోనూ వేరైన రెండు పదార్థాలు చలామణీ అవుతున్నాయని గుర్తించకపోతే తర్వాతి చర్చ అంతా కలగాపులగం అవుతుంది. మొదటిది పేలుడు వల్ల పుట్టేది. టీఎన్‌టీ, హెక్సోజెన్ కలిపిన మందును మూసిన ఉక్కు గదిలో పేల్చితే మిగిలే మసిలో 4 నుంచి 5 నానోమీటర్ల వజ్రపు రేణువులుంటాయని సోవియట్ శాస్త్రవేత్తలు 1963లో కనుగొన్నారు. ఆ సంగతి బయటి ప్రపంచానికి విస్తృతంగా తెలిసింది 1988 ప్రాంతంలో. పేలుడు మందులోని కార్బనే ఇక్కడ వజ్రమవుతుంది, అందులోని నైట్రోజన్ కూడా కొంత చిక్కుకుపోతుంది. రెండోది అధిక పీడనంలో, అధిక ఉష్ణోగ్రతలో పరిశ్రమలు తయారుచేసే పసుపుపచ్చని వజ్రాన్ని మరపట్టి పదుల నుంచి వంద నానోమీటర్ల దాకా పొడి చేసినది. నీటిలో కలిపినప్పుడే ఈ రెండింటి తేడా తెలుస్తుంది: బాగా విడదీసిన పేలుడు వజ్రపు ద్రావణం చిక్కని డికాక్షన్‌లా నల్లగా కనిపిస్తుంది, మరపట్టిన వజ్రపు ద్రావణం బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా మసకబారి ఉంటుంది. వజ్రమంటే పారదర్శకమని నమ్మేవారికి మొదటి సీసా ఒక చిన్న ఆశ్చర్యం.

ఈ రెండింటి వెలుగులు కూడా ఒకటి కావు. మరపట్టిన వజ్రంలో పది లక్షల పరమాణువులకు సుమారు వంద నైట్రోజన్ పరమాణువులుంటాయి. దాని మీద ఎలక్ట్రాన్లనో ప్రోటాన్లనో వేగంగా కొట్టి కొన్ని కార్బన్‌లను స్థానభ్రంశం చేసి, తర్వాత 800 డిగ్రీల దగ్గర వేడిచేస్తే, ఖాళీ అయిన చోట్లు కదులుతూ వెళ్లి నైట్రోజన్ పక్కన కుదురుకుంటాయి. ఈ నైట్రోజన్-ఖాళీ (నైట్రోజన్-వేకెన్సీ) జంటనే ఎన్‌వీ కేంద్రం అంటారు. ఆకుపచ్చని లేజర్ వేస్తే అది ఎర్రగా వెలుగుతుంది, ఎంతసేపు వెలిగించినా వాడిపోదు. తైవాన్‌లో హువాన్-చెంగ్ చాంగ్ బృందం 2005లో ఈ రకం రేణువులను జీవకణాల పరిశోధనకు ముందుకు తెచ్చినప్పుడు చూపిన ప్రధాన గుణం ఇదే. నగల వ్యాపారంలో నైట్రోజన్ కళంకం. కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల నుంచి వచ్చి గోల్కొండ పేరుతో ప్రసిద్ధికెక్కిన మేలిరకం రాళ్లకు ఆ నీటివంటి స్వచ్ఛత వచ్చింది నైట్రోజన్ దాదాపు లేకపోవడం వల్లనే. ప్రయోగశాలకు అలాంటి రాయి ఇస్తే, వెలిగించడానికి అందులో ఏమీ లేదని పక్కన పెట్టేస్తారు.

పేలుడు వజ్రంలో నైట్రోజన్ సమృద్ధిగా ఉన్నా, వెలిగే ఎన్‌వీ కేంద్రాలు అరుదు. దాని నుంచి వచ్చే వెలుగు నీలం నుంచి నారింజ దాకా పరుచుకున్న, పదునైన గీతలు లేని మసక పట్టీ. అందులో అధిక భాగం పైపొరలోని లోపాల నుంచి, గ్రాఫైట్ తరహాలో అమరిన కార్బన్ ముక్కల నుంచి వచ్చేదే. అంటే ఒకచోట వెలుగు గర్భంలో పుట్టి పైపొర దాటి బయటికి వస్తోంది, మరోచోట పైపొరలోనే పుడుతోంది. ఉపరితల రసాయనం ఈ రెండింటినీ ప్రభావితం చేస్తుంది కానీ ఒకే దారిలో కాదు. ఒకదాని మీద చేసిన ప్రయోగాన్ని రెండోదానికి వర్తింపజేసే రాతలు తరచుగా కనిపిస్తాయి, వాటిని అనుమానంతోనే చదవాలి.

ఇక పైపొర సంగతి. వజ్రం లోపల ప్రతి కార్బన్‌కూ నలుగురు పొరుగువారు. అంచుకు వచ్చేసరికి కొన్ని బంధాలు గాలిలో వేలాడుతూ మిగులుతాయి. వాటిని ఏదో ఒకటి వచ్చి మూయాలి. బలమైన ఆమ్లాల మిశ్రమంలో మరిగించినా, గాలిలో 400 నుంచి 500 డిగ్రీల దాకా కాల్చినా ఆక్సిజన్ ఉన్న గుంపులు వస్తాయి: కార్బాక్సిల్, హైడ్రాక్సిల్, కీటోన్, ఈథర్ వంటివి. గాలిలో కాల్చడంలో ఒక సుళువు ఉంది. 400 నుంచి 430 డిగ్రీల మధ్య గ్రాఫైట్ తరహా కార్బన్ కాలిపోతుంది, వజ్రం పెద్దగా చెక్కుచెదరదు. యూరీ గొగోట్సీ బృందం 2006లో ఈ ఇరుకైన సందును పేలుడు వజ్రానికి స్పష్టంగా చూపించింది. దీనికి భిన్నంగా హైడ్రోజన్ వాయువులోనో హైడ్రోజన్ ప్లాస్మాలోనో వేడిచేస్తే ఆక్సిజన్ గుంపులు పోయి ప్రతి బంధం చివరా హైడ్రోజన్ నిలుస్తుంది. ఫ్లోరిన్‌తో మూయడం మూడో మార్గం. దాని ప్రత్యేకత ఈ వ్యాసం చివరికి పనికొస్తుంది.

ఆక్సిజన్ పూత ఉన్న రేణువు నీటితో ఎలా మసలుతుందో ఊహించడం కష్టం కాదు. కార్బాక్సిల్ గుంపులు తటస్థ నీటిలో ప్రోటాన్‌ను వదిలేసి ఋణావేశంతో మిగులుతాయి. నీటి అణువులు తమ హైడ్రోజన్ కొసలను వాటివైపు తిప్పి గట్టి బంధాలు వేసుకుంటాయి, రేణువు చుట్టూ క్రమబద్ధమైన నీటి తొడుగు ఏర్పడుతుంది. రేణువులన్నీ ఋణావేశంతో ఉండడం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అడుగుకు దిగకుండా ఉంటాయి. పేలుడు వజ్రపు గుజ్జును చల్లబరిచినప్పుడు, రేణువును అంటుకుని ఉన్న నీరు మామూలు నీటిలా సున్నా డిగ్రీల దగ్గర ప్రవర్తించదు. అందులో కొంత భాగం సున్నాకు దిగువనే కరుగుతుంది, కొంత అసలు గడ్డకట్టదు. ఇక్కడిదాకా అంతా పాఠ్యపుస్తకం చెప్పినట్టే ఉంటుంది.

హైడ్రోజన్ పూత దగ్గర మాత్రం పాఠ్యపుస్తకం తడబడుతుంది. చదునైన వజ్రపు పలక మీద హైడ్రోజన్ పూత వేస్తే నీటి బొట్టు దాని మీద తామరాకు మీది బొట్టంత కాకపోయినా గుండ్రంగానే నిలుస్తుంది, అంటే ఆ పూతకు నీరు గిట్టదు. అటువంటి పూత ఉన్న నానోరేణువులు నీటిలో కలవకుండా నూనె చుక్కల్లా ఒకచోటికి చేరాలి. కానీ అవి నీటిలో చక్కగా విడిపోయి నెలల తరబడి నిలుస్తాయి, పైగా వాటి ఆవేశం ధనాత్మకం. హైడ్రోజన్‌తో మూసిన కార్బన్ ముఖం మీద ప్రోటాన్‌ను పట్టుకోగల గుంపేదీ లేదు. మరి ఆ ధనావేశం ఎక్కడిది?

దీనికి జవాబు నానోరేణువుల్లో కాకుండా పెద్ద వజ్రపు పలకల మీద ముందుగా దొరికింది. మంచి విద్యుద్బంధకమైన వజ్రం హైడ్రోజన్ పూత వేసి గాలిలో ఉంచేసరికి ఉపరితలం వెంట విద్యుత్తును ప్రవహింపజేస్తుందని 1989లో లాండ్‌స్ట్రాస్, రవి గమనించారు. గాలిలోని తేమ లేకపోతే ఆ వాహకత తగ్గిపోతుంది. 2000లో జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు దీనికి ఇచ్చిన వివరణ ఇప్పటికీ నిలబడి ఉంది: వజ్రం తన ఎలక్ట్రాన్లను పైనున్న నీటి పొరకు ఇచ్చేస్తోంది. ఇది ఎందుకు సాధ్యమో అంకెల్లో చూస్తేనే స్పష్టమవుతుంది. వజ్రంలో నిండిన ఎలక్ట్రాన్ స్థాయిల పైఅంచుకూ, ఖాళీ స్థాయిల కిందిఅంచుకూ మధ్య దూరం సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. కార్బన్-హైడ్రోజన్ బంధంలో హైడ్రోజన్ కొస కాస్త ధనాత్మకం కావడం వల్ల, ఉపరితలమంతటా వరుసగా నిలిచిన ఈ చిన్న ద్విధ్రువాలు వజ్రం స్థాయిలన్నిటినీ పైకి ఎత్తుతాయి. నిండిన స్థాయిల అంచు శూన్యానికి 4.2 ఎలక్ట్రాన్ వోల్టుల దిగువకు వచ్చి నిలుస్తుంది. ఆక్సిజన్ పూతలో ద్విధ్రువం దిశ మారి, అదే అంచు 7.2 దాకా దిగిపోతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను స్వీకరించి నీరుగా మారే స్థాయి, ఆమ్లతను బట్టి 4.8 నుంచి 5.7 దాకా ఉంటుంది. ఎత్తు గట్టు మీది నీరు పల్లానికి పారినట్టు హైడ్రోజన్ పూత ఉన్న వజ్రం నుంచి ఎలక్ట్రాన్లు నీటివైపు దిగుతాయి. ఆక్సిజన్ పూత ఉన్న వజ్రంలో అవి నీటి స్థాయికన్నా లోతున ఉండిపోవడం వల్ల కదలవు.

అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో దీన్ని మరీ తిన్నగా పరీక్షించారు. హైడ్రోజన్ పూత ఉన్న వజ్రపు పొడిని నీటిలో వేసి, ఆ నీటి పీహెచ్‌నూ కరిగిన ఆక్సిజన్‌నూ కొలిచారు. రెండూ మారాయి. వజ్రం అంటే ఏ రసాయనానికీ లొంగని రాయి అనే అభిప్రాయానికి ఇంతకన్నా సూటి సవాలు అక్కరలేదు. ఎలక్ట్రాన్లు బయటికి పోయాక వజ్రం చర్మం కింద మిగిలే ధనావేశాలు చదరపు సెంటీమీటరుకు లక్ష కోట్ల నుంచి పది లక్షల కోట్ల దాకా ఉంటాయి. వినడానికి పెద్ద సంఖ్యే గానీ, 5 నానోమీటర్ల రేణువు మొత్తం ఉపరితలానికి పంచితే మహా అయితే ఏడెనిమిది. అయినా ఆ ఏడెనిమిది ఆవేశాలే రేణువును నీటిలో తేల్చి ఉంచగలవు. పేలుడు వజ్రం విషయంలో ధనావేశానికి మరో వివరణ కూడా ప్రచారంలో ఉంది: అంచుల్లో మిగిలిన గ్రాఫైట్ తరహా కార్బన్ నీటిలోని ప్రోటాన్లను ఆకర్షిస్తుందని. ఒకే రేణువులో ఈ రెండూ కలిసి ఉండడానికి అడ్డేమీ లేదు, నమూనాను ఎలా తయారుచేశారన్నదాన్ని బట్టి పాళ్లు మారవచ్చు.

ఎలక్ట్రాన్లు నీటిలోకి వస్తే నీటి అమరిక ఊరుకుంటుందా? దీన్ని చూడడానికి పనికొచ్చే కన్ను రామన్ వర్ణపటం, అంటే పదార్థం మీద పడి చెదిరిన కాంతి రంగులో వచ్చే చిన్న మార్పుల నమోదు. 1928లో సి.వి. రామన్ ఈ ప్రభావాన్ని కనుగొన్న రెండేళ్లకే, 1930లో, వజ్రం మీద అదే పద్ధతిని ప్రయోగించినవారిలో కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం ఒకరు. తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన భౌతికశాస్త్రవేత్త ఆయనే. వజ్రానికి 1,332 తరంగ సంఖ్య దగ్గర ఒక్కటే సన్నని గీత వస్తుంది. నీటికి 3,000 నుంచి 3,700 దాకా వెడల్పాటి గుట్ట వస్తుంది. అది నీటి అణువులో ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం సాగి ముడుచుకునే కంపనం. ఆ గుట్టలో 3,200 వైపున్న భాగం గట్టి హైడ్రోజన్ బంధాలతో (ఒక నీటి అణువు హైడ్రోజన్‌కూ పక్క అణువు ఆక్సిజన్‌కూ మధ్య ఆకర్షణతో) కట్టుబడిన నీటిదనీ, 3,400 దాటి పైన ఉన్న భాగం బంధాలు వదులైన నీటిదనీ స్థూలంగా చెప్పుకోవచ్చు. కాబట్టి గుట్ట ఆకారం ఏ వైపు ఒరుగుతోందో చూస్తే రేణువుల చుట్టూ నీరు బిగుసుకుందో సడలిందో తెలుస్తుంది.

బెర్లిన్‌లోని హెల్మ్‌హోల్ట్జ్ కేంద్రానికి చెందిన ట్రిస్టన్ పెటి బృందం, మాస్కో రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి 2017లో ప్రచురించిన పని ఇక్కడ ముఖ్యమైనది. వేర్వేరు పూతలున్న నానోవజ్రాలను నీటిలో కలిపి, పరారుణ, రామన్ కొలతలతోపాటు తక్కువ శక్తి గల ఎక్స్-కిరణాలతోనూ ఆ నీటిని పరిశీలించారు. ఆక్సిజన్ గుంపులున్న రేణువుల చుట్టూ ఉన్న నీటితో పోలిస్తే, హైడ్రోజన్ పూత ఉన్న రేణువుల చుట్టూ హైడ్రోజన్ బంధాల అల్లిక అసాధారణంగా మారింది. ఆ మార్పు రేణువును అంటుకున్న మొదటి వరుస అణువులతో ఆగలేదు. వజ్రానికీ నీటికీ మధ్య సరిహద్దులో ఎలక్ట్రాన్లు గుమిగూడడమే దీనికి కారణమని వారు సూచించారు. నూనెకు నీరు దూరం జరిగినట్టు జరగడం కాదిది. ఎలక్ట్రాన్లను పంచుకున్న పొరుగువాడి దగ్గర నీరు తన నడవడిక మార్చుకోవడం. హైడ్రోజన్ పూతను నీరు గిట్టనిదని మాత్రమే అనడం సగం నిజమే అవుతుందని ఈ పని తర్వాత ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు వెలుగు వైపు తిరిగితే, నీటికి పోయిన ఆ ఎలక్ట్రాన్ల లోటు లోపల ఎన్‌వీ కేంద్రం దగ్గర తేలుతుంది. ఎన్‌వీ కేంద్రం చుట్టుపక్కల విడిగా ఉన్న మరో నైట్రోజన్ నుంచి ఒక అదనపు ఎలక్ట్రాన్‌ను తీసుకుని ఋణావేశంతో ఉన్నప్పుడు, దాని వర్ణపటంలో మొదటి సన్నని గీత 637 నానోమీటర్ల దగ్గర వస్తుంది, మిగతా వెలుగు 800 దాకా ఎర్రగా పరుచుకుంటుంది. అయస్కాంత క్షేత్రాన్నీ ఉష్ణోగ్రతనూ కొలవడానికి పనికొచ్చేది ఈ రూపమే, ఎందుకంటే దాని స్పిన్‌ను (ఎలక్ట్రాన్లకుండే సూక్ష్మ అయస్కాంత గుణాన్ని) 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోతరంగాలతో తిప్పి, ఆ ఫలితాన్ని వెలుగులోని హెచ్చుతగ్గులుగా చదవవచ్చు. ఆ ఒక్క ఎలక్ట్రాన్ పోతే కేంద్రం తటస్థమవుతుంది. గీత 575కు జరుగుతుంది, వెలుగు నారింజ వైపు మళ్లుతుంది, స్పిన్‌ను చదివే ఆ సౌకర్యం పోతుంది. ఇంకొకటి కూడా పోతే కేంద్రం అసలు వెలగదు. కేంద్రం ధ్వంసం కాలేదు, నైట్రోజన్, ఖాళీ రెండూ ఉన్నచోటే ఉన్నాయి. జేబులో చిల్లర అయిపోయింది, అంతే.

హైడ్రోజన్ పూత చేసేది సరిగ్గా ఈ జేబు ఖాళీ చేయడమే. ఉపరితలం దగ్గర స్థాయిలు పైకి వంగుతాయి, ఎలక్ట్రాన్లు బయటి దారి పడతాయి, వాటి లోటును లోపలి నైట్రోజన్‌లు భర్తీ చేయాలి. నైట్రోజన్ ఎక్కువగా ఉన్న వజ్రంలో, అంటే పది లక్షలకు వంద ఉన్నచోట, చదరపు సెంటీమీటరుకు పది లక్షల కోట్ల లోటును పూడ్చడానికి ఐదారు నానోమీటర్ల లోతు వరకు ఉన్న నైట్రోజన్‌లు సరిపోతాయని లెక్క తేలుతుంది. 100 నానోమీటర్ల రేణువుకు ఇది పై తొక్క మాత్రమే, లోపలి కేంద్రాలు ఎర్రగానే వెలుగుతాయి. 10 నానోమీటర్ల రేణువుకైతే అదే మొత్తం రేణువు. మ్యూనిక్, స్టుట్‌గార్ట్ పరిశోధకులు 2011లో వజ్రపు పలక మీదే కొంత భాగానికి హైడ్రోజన్, కొంత భాగానికి ఆక్సిజన్ పూత వేసి, ఉపరితలానికి దగ్గరగా నాటిన ఎన్‌వీ కేంద్రాలను పోల్చి చూశారు. ఆక్సిజన్ ఉన్నచోట ఋణావేశపు ఎర్రని వెలుగు నిలిచింది, హైడ్రోజన్ ఉన్నచోట అది తటస్థ రూపానికి మారింది, లేదా ఆరిపోయింది. నానోరేణువుల్లో గ్రాఫైట్ తరహా పొర కూడా ఇలాగే ఎలక్ట్రాన్లను దోచుకుంటుంది. గాలిలో కాల్చి దాన్ని తొలగించాక వెలుగు పెరగడానికి ఒక కారణం ఇదే. ఆ నల్లని పొర వెలుగును మింగడం ఆగిపోవడం మరో కారణం. 5 నానోమీటర్ల రేణువుల్లో ఎన్‌వీ కేంద్రం ఆరుతూ వెలుగుతూ మిణుకుమంటుందని, పైపొరను మార్చితే ఆ మిణుకు తీరు మారుతుందని 2010లో ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయ బృందం చూపించడానికి వెనకున్న తర్కం ఇదే. అంత చిన్న రేణువులో ఏ కేంద్రమూ ఉపరితలానికి రెండున్నర నానోమీటర్లకన్నా దూరంగా ఉండలేదు, పైపొరలో ఒక ఎలక్ట్రాన్ చిక్కుకున్నా వదిలినా కేంద్రానికి తెలిసిపోతుంది.

పేలుడు వజ్రపు వెలుగు వ్యవహారం ఇంత తేటగా లేదు. మాస్కో పరిశోధకులు పేలుడు వజ్రాలను నీటిలోనూ ఇతర ద్రవాల్లోనూ కలిపి, హైడ్రోజన్ బంధాల బలానికీ రేణువుల వెలుగుకూ సంబంధం ఉందని ప్రతిపాదించారు. ఈ ప్రయోగాల్లో కొలత పద్ధతి ముచ్చటైనది. 488 నానోమీటర్ల నీలి లేజర్ వేస్తే వజ్రం రామన్ గీత 522 దగ్గర, నీటి గుట్ట 585 ప్రాంతంలో వస్తాయి, వాటి అడుగున రేణువుల మసక వెలుగు పొడవునా పరుచుకుని ఉంటుంది. లేజర్ తీవ్రత కాస్త మారినా, ద్రావణం మసకబారి కొంత కాంతి దారి తప్పినా నీటి గుట్టా రేణువుల వెలుగూ కలిసే తగ్గుతాయి. కాబట్టి రేణువుల వెలుగును నీటి గుట్టతో భాగిస్తే ఆ లోపాలు చాలావరకు కొట్టుకుపోతాయి. నీరే తూకపు రాయి అన్నమాట. కానీ ఆ తూకపు రాయి ఆకారమే పైపొర వల్ల మారుతోందని చెబుతున్నప్పుడు, గుట్ట ఎత్తుతో కాక మొత్తం విస్తీర్ణంతో భాగించడం వంటి జాగ్రత్త లేకపోతే లెక్క తప్పుతుంది. ఆకుపచ్చని 532 లేజర్ వాడేవారికి ఇంకో చిక్కు ఉంది: నీటి గుట్ట సరిగ్గా 633 నుంచి 662 మధ్య, ఎన్‌వీ కేంద్రపు 637 గీత మీదే వచ్చి కూర్చుంటుంది. వెలుగు బలంగా ఉన్న రేణువులకు ఇది పట్టింపు కాదు గానీ, పలచని ద్రావణంలో బలహీనమైన నమూనాను పరీక్షించేవారు నీటిని చూసి వజ్రమనుకునే ప్రమాదం ఉంది.

హైడ్రోజన్ బంధాలు బిగిసినప్పుడు పైపొర గుంపుల కంపనాలు నీటితో గట్టిగా ముడిపడి, వెలుగుగా రావలసిన శక్తి వేడిగా జారిపోవచ్చుననేది సహేతుకమైన ఊహే. అయితే బంధాల బలమూ వెలుగూ కలిసి మారినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమనడం తొందరపాటు. పూత మారినప్పుడు నీటి అమరిక మారుతుంది, గ్రాఫైట్ పాళ్లు మారతాయి, రేణువుల గుమికూడిక మారుతుంది, వెలిగే లోపాల ఆవేశ స్థితి మారుతుంది. ఇవన్నీ ఒకే మీట నొక్కితే కదిలే చక్రాలు. వీటిలో ఏ చక్రం దేన్ని తిప్పుతోందో తెలియాలంటే ఒకదాన్ని ఆపి మరొకదాన్ని కదిలించాలి.

నీటి ప్రభావంలో రసాయనంతో సంబంధం లేని భాగాన్ని ముందు పక్కకు తీయాలి. పెద్ద వజ్రంలో ఎన్‌వీ కేంద్రం ఉత్తేజితమై వెలుగు విడవడానికి సగటున 12 నానోసెకన్లు పడుతుంది, గాలిలో ఉన్న నానోరేణువులో అది 20 దాటుతుంది. వజ్రపు వక్రీభవన గుణకం 2.4, గాలిది 1, నీటిది 1.33, కాంతి తరంగదైర్ఘ్యంకన్నా ఎంతో చిన్నదైన రేణువులోని కేంద్రానికి తన చుట్టూ ఉన్నది వజ్రమో గాలో నీరో అన్నది వెలుగు విడిచే వేగంలోనే తేడా చూపిస్తుంది. పొడిగా ఉన్న రేణువును నీటిలో ముంచితే ఆ సమయం తగ్గడం భౌతిక నియమం ప్రకారం జరగవలసిందే. దాన్ని పైపొర రసాయనం ఖాతాలో వేయకూడదు. వెలుగు తీవ్రత ఒక్కటే కొలిచి, ఈ సమయాన్ని కొలవని ప్రయోగం ఎంత అందంగా ఉన్నా సగం సమాచారమే ఇస్తుంది.

రసాయనపు భాగంలో కారణాలను విడదీయడానికి ఫ్లోరిన్ పనికొస్తుంది. ఫ్లోరిన్ పూత ఉన్న వజ్రాన్ని నీరు తడపదు, ఆ విషయంలో అది హైడ్రోజన్ పూతకు తోబుట్టువు. కానీ ఫ్లోరిన్ కొస బలంగా ఋణాత్మకం కావడం వల్ల ద్విధ్రువం దిశ తిరగబడి, వజ్రపు స్థాయిలు ఆక్సిజన్ పూతలోకన్నా కూడా కిందికి దిగుతాయి. ఎలక్ట్రాన్లు నీటిలోకి జారవు. అటువంటి పూత కింద ఎన్‌వీ కేంద్రాలు ఋణావేశంతో ఎర్రగానే వెలుగుతాయి. నీటిని దూరం పెట్టే రెండు పూతల్లో ఒకటి వెలుగును మార్చి మరొకటి నిలబెడుతోందంటే, ఎన్‌వీ కేంద్రం వరకు నిర్ణయం తడిసే గుణానిది కాదు, స్థాయిల ఎత్తుపల్లాలది. నీటి పాత్ర ఎలక్ట్రాన్లను స్వీకరించే పల్లంగా ఉండడం వరకే. పేలుడు వజ్రపు పైపొర వెలుగు మీద ఇదే పరీక్షను ఇంత శుభ్రంగా చేయడం కష్టం, ఎందుకంటే ఫ్లోరిన్ వేసే ప్రక్రియలోనే వెలిగే గ్రాఫైట్ ముక్కలు కూడా మారిపోతాయి, కదలకూడని చక్రం కదులుతుంది.

స్థాయిల ఎత్తుపల్లాలు బయటి ఆవేశానికి కూడా స్పందిస్తాయి కాబట్టి, ఇదే లోపాన్ని సాధనంగా మార్చవచ్చునని చెక్ పరిశోధకురాలు వ్లాడిమీరా పెట్రాకొవా బృందం చూపించింది. పూతను మార్చి ఆవేశ స్థితి అటో ఇటో ఒరిగే అంచున నిలబెట్టిన నానోవజ్రానికి ధనావేశంతో కూడిన పొడవైన పాలిమర్ అణువులు వచ్చి అంటుకుంటే, తటస్థ, ఋణ రూపాల వెలుగుల నిష్పత్తి మారుతుంది. ఆ పాలిమర్‌కు కట్టిన డీఎన్‌ఏను కణంలో మోసుకెళ్లి ఎక్కడ వదిలిందో రంగు మార్పుతో తెలుసుకోవచ్చునన్నది ఆ పని సారాంశం. దీనికి వంద నానోమీటర్ల రేణువు మందకొడి, ఐదు నానోమీటర్ల రేణువు అతి సున్నితం. పనికొచ్చేవి ఎన్‌వీ కేంద్రాలు ఉపరితలానికి కొద్ది నానోమీటర్ల లోతున ఉండే మధ్యరకం రేణువులు. జీవకణంలోని ద్రవం శుద్ధమైన నీరు కాదు, రేణువు లోపలికి వెళ్లిన క్షణాల్లోనే ప్రోటీన్లు దాని మీద పొరలా కప్పుకుంటాయి; నీటిలో కొలిచిన నిష్పత్తి అక్కడ అలాగే ఉండదు. అందుకే కణాల్లో ఉష్ణోగ్రత కొలిచేవారు, ఆ కొలతకు రేణువు పైపొరతో పని లేకుండా ఉండడానికి, వెలుగు తీవ్రతను కాకుండా 2.87 గిగాహెర్ట్జ్ గీత జరుగుదలను చూస్తారు. డిగ్రీకి అది సుమారు 74 కిలోహెర్ట్జ్ చొప్పున తగ్గుతుంది. ఆవేశాన్ని కొలిచేవారికి అలాంటి తప్పించుకునే దారి లేదు, వారు కొలవాలనుకున్నదే పైపొర మీద జరుగుతోంది. పైగా హైడ్రోజన్ పూత సీసాలో కూర్చున్నంత మాత్రాన అలాగే ఉండిపోదు: గాలి తగిలినకొద్దీ, నీటిలో నిలవ ఉన్నకొద్దీ దాని మీద ఆక్సిజన్ గుంపులు మెల్లగా చేరతాయి, ధనావేశం తగ్గుతూ వస్తుంది, వర్ణపటంలో 575, 637 గీతల పాళ్లు వాటి వెంట నడుస్తాయి. సీసా మీద రేణువు సైజు, నైట్రోజన్ శాతం రాసి ఉంటాయి. పూత వేసిన తేదీ మాత్రం సాధారణంగా ఉండదు.